నాలుగో క్యాసెట్టులో దయ్యం

ఆ రోజు పొద్దున వీడియో మావయ్య దేవుడి ముందు మామూలు కంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. పెద్ద కోరికేం కాదు. మధ్యాహ్నం ఒంటిగంట దాకా కుడిచెయ్యి వణక్కుండా చూడమన్నాడు, అంతే.

ముప్ఫయ్యేళ్ళు పెళ్ళిళ్ళకి వీడియోలు తీసిన మనిషి. భుజాన కెమెరా పెట్టుకుని ఎన్ని గంటలు నిలబడ్డా బొమ్మ వెంట్రుకవాసి కదిలేది కాదు. ఆయన తీస్తే గోడకి మేకు కొట్టినట్టే అనేవారు. అలాంటి చెయ్యి రెండేళ్ళ కిందట వణకడం మొదలుపెట్టింది. ప్రాణానికేం భయం లేదన్నాడు డాక్టరు. పరువు సంగతి మావయ్య ఆయన్ని అడగలేదు. ఇప్పుడు అందరి చేతుల్లో ఫోన్లున్నాయి, ఇక నాతో ఏం పని అని బయట చెప్పి, కెమెరా బీరువాలో పెట్టేశాడు. అసలు సంగతి భార్యకొక్కదానికే తెలుసు.

అంతలో మేనల్లుడు ఊడిపడ్డాడు. వాడు సినిమా తీస్తున్నాడు. ఒక ఇంటి అటక మీద నలభయ్యేళ్ళ నాటి వీడియో క్యాసెట్లు ఐదు దొరుకుతాయి. ఒక్కోదాంట్లో ఒక్కో కథ, ఒక్కో దయ్యం. నాలుగోది పెళ్ళివారింటి వీడియో. అన్నీ నిజంగా ఎవరో తీసి వదిలేసినట్టే ఉండాలట. అందుకని పాత కెమెరా కావాలి, దాన్ని పట్టడం తెలిసిన మనిషీ కావాలి.

"చివరికి ఆ కెమెరా పట్టినవాడు ఏమవుతాడురా?" అని మావయ్య అడిగాడు.

"చచ్చిపోతాడు మావయ్యా."

"కెమెరా అవతల పారేసి పరిగెత్తొచ్చు కదా?"

"అదొక్కటీ అడక్కూడదు. అడిగితే ఈ రకం సినిమాలే ఉండవు."

కాదంటే కారణం చెప్పాలి కనక మావయ్య సరేనన్నాడు. షూటింగుకి ఖాళీ ఇల్లొకటి ఒంటిగంట వరకూ ఇచ్చారు. కిటికీలకి దుప్పట్లు కొట్టి, పొద్దున్న పదింటికే హాల్లో అర్ధరాత్రి చేశారు. గుండ్రంగా తిప్పే ఫోను, డబ్బా టీవీ తెచ్చిపెట్టారు. టీవీ మీద కప్పడానికి అల్లిక గుడ్డ మావయ్య భార్యది. వీళ్ళ చేతికిస్తే తిరిగి రాదని తనే దాన్ని పట్టుకుని వచ్చి కుర్చీ వేసుకుని కూర్చుంది. దయ్యం వేషం వాళ్ళ వీధి దర్జీ అమ్మాయిది. తెల్లగౌను తనే కుట్టుకుంది. అంచు కాలి కింద పడుతుందేమోనన్న బెంగ తప్ప ఆ దయ్యానికి వేరే ధ్యాస లేదు.

మావయ్య కెమెరా పట్టీని మణికట్టుకి రెండు చుట్లు బిగించాడు. మోచెయ్యి పక్కటెముకలకి ఆనించి, వీపు గుమ్మానికి చేరవేసి, ఊపిరి బిగబట్టాడు. తెర వెనక నుంచి దయ్యం వచ్చింది. చెయ్యి రాయిలా నిలబడింది. దేవుడు విన్నాడనుకున్నాడు.

"కట్," అన్నాడు మేనల్లుడు. "మావయ్యా, బొమ్మ అస్సలు కదలడం లేదు."

"నా చేతిలో ఎప్పుడు కదిలింది?"

"కదలాలి మావయ్యా. వాడు దయ్యాన్ని చూశాడు. చెయ్యి వణకాలి. బొమ్మంతా ఊగిపోవాలి."

దేవుడు అడిగింది అడిగినట్టే ఇచ్చాడు, మావయ్యే తప్పడిగాడు. ఇచ్చిన వరాన్ని రెండు గంటలు తిరక్కుండా వెనక్కి తీసుకోమంటే ఏమనుకుంటాడు? పైగా రెండేళ్ళుగా దాచినదాన్ని నలుగురి ముందూ పరవడం ఎలా?

రెండోసారి చెయ్యి బిగబట్టే మోకాళ్ళు వంచుతూ లేపుతూ తీశాడు. చూసుకుంటే పడవలో కూర్చుని తీసినట్టుంది. మూడోసారి దయ్యం మరీ దగ్గరికొచ్చేసరికి పాత అలవాటు పొడుచుకొచ్చింది.

"తల కాస్త పైకమ్మా. అలా. ఒక్కసారి నవ్వండి."

దయ్యం నెత్తురు పళ్ళతో చక్కగా నవ్వింది.

"పెద్దవాళ్ళు చెప్తే వినే దయ్యాన్ని ఇప్పుడే చూడ్డం," అంది భార్య.

మేనల్లుడు గడియారం చూశాడు. పన్నెండున్నర. "పోనీలే మావయ్యా, నీకెందుకు శ్రమ. ఫోన్‌తో తీసేసి కంప్యూటర్లో వణికిస్తాను. పాత క్యాసెట్టు గీతలు కూడా అదే వేస్తుంది," అన్నాడు మెల్లగా.

మావయ్యకి కలుక్కుమంది. ఆఖరికి వణకడానికి కూడా తను పనికిరాలేదు.

భార్య లేచి వచ్చి, ఆయన చొక్కా సర్దుతున్నట్టు నిలబడింది. "ఆ పట్టీ విప్పెయ్యండి."

"అందరూ చూస్తారే."

"చూస్తే? నేను రోజూ చూడ్డంలేదూ?"

"నువ్వు పరాయిదానివా."

"ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళోవాళ్ళ మొహాలన్నీ ముక్కు దగ్గర కెమెరా పెట్టి చూశారు. ఏడ్చేవాళ్ళనీ వదల్లేదు. వాళ్ళెవరైనా అరిగిపోయారా?"

ఆయన పట్టీ విప్పాడు. గుమ్మానికి ఆనించిన వీపు తీసి, హాలు మధ్యకి వచ్చి నిలబడ్డాడు. మోచెయ్యి వదిలేశాడు. 'ఇక నీ ఇష్టం' అనుకున్నాడు, ఎవరితోనో చెప్పనవసరం లేదు.

చెయ్యి మొదలుపెట్టింది. తెర ఊగింది, టీవీ ఊగింది, దయ్యం ఊగుతూ ఊగుతూ వచ్చి కెమెరా అద్దానికి మొహం ఆనించింది.

"కట్." మేనల్లుడి గొంతు కీచుగా వచ్చింది. "ఏం నటన మావయ్యా. నాకే భయమేసింది."

అవునంటే సరిపోయేది. అనక్కర్లేదు కూడా, తల ఊపితే చాలు, పాత పేరు పాత పేరులాగే ఉండిపోయేది. మావయ్య కెమెరా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. చెయ్యి మాత్రం దాని మీద టకటకా కొట్టుకుంటూనే ఉంది.

"మావయ్యా, కట్ చెప్పాను."

"నేను విన్నాన్రా. అదే వినడం లేదు."

దుప్పటి సందులోంచి ఎండ గీతలా లోపలికి పడుతోంది. మేనల్లుడు వచ్చి నేల మీద చతికిలబడ్డాడు.

"ఎన్నాళ్ళనుంచి?"

"రెండేళ్ళు."

"ముందే చెప్పొద్దూ మరి? పొద్దున్నుంచీ నీ మోకాళ్ళు అరగదీయించాను."

దయ్యం మూతి తుడుచుకుని, గౌను అంచు ఎత్తిపట్టుకుని వెళ్ళి, గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చింది. ఆయన బట్టలు తడవకూడదని కాబోలు, సగమే పోసింది. పరాయివాళ్ళ ముందు మావయ్య నీళ్ళు తాగి కూడా రెండేళ్ళయింది. భార్య వైపు చూశాడు. ఆవిడ టీవీ మీది గుడ్డ మడత పెట్టుకుంటోంది, చూడనే లేదు.

గ్లాసు అందుకున్నాడు. కొన్ని చొక్కా మీద పడ్డాయి, కొన్ని గొంతులోకి వెళ్ళాయి. దాహం తీరలేదు.

"ఇంకో గ్లాసు తల్లీ," అన్నాడు దయ్యంతో. "నిండుగా పొయ్యి."