పది లెక్కపెట్టాక

చెడువార్త ఎలా చెప్పాలో మాకొక పేపరు. నవ్వకండి, నిజంగానే ఉంది. పదకొండేళ్ళు నర్సుగా చేశాక, నయంకాని జబ్బులవాళ్ళను కడదాకా చూసుకునే నర్సింగులో పీజీకి చేరాను. చెప్పేముందు ఫోను ఆపెయ్యాలి, కుర్చీ దగ్గరకు జరుపుకోవాలి, రోగికి ఏం తెలుసో ముందు అడగాలి. చెప్పాక నోరు మూసుకుని పది లెక్కపెట్టాలి. ఆ చివరిదే నాకు కొరుకుడు పడలేదు. నాది ఊరుకునే నోరు కాదు.

ఇంట్లో సాధన చెయ్యడానికి అక్కే నాకు రోగి. సోఫాలో పడుకుని తెగ మూలిగేది. నేను చెప్పడం అయ్యాక వేళ్ళ మీద లెక్కపెట్టేది. నాలుగు దగ్గరే నేను నోరు తెరిస్తే, "ఇంకా ఆరున్నాయే, నోర్ముయ్!" అని దిండు విసిరేది. ఆ పరీక్షలో క్లాసులో నేనే ఫస్టు. అంతా అక్క చలవే.

ఏడాది తిరక్కుండా అక్కకే వచ్చింది క్యాన్సర్. కాలేయానికి పాకిందనీ, మందులిక పనిచెయ్యవనీ, మహా అయితే నాలుగు వారాలనీ డాక్టరు బావకూ నాకూ చెప్పాడు.

"తెలిస్తే మీ అక్క ఆ రోజే పోతుందమ్మా. నా మీద ఒట్టు, చెప్పకు," అన్నాడు బావ.

పిరికిదాన్ని, తలూపాను. వార్డంతా తిరిగి నిజం చెప్పాలని నీతులు చెప్పే నోరు ఇంట్లో మూగబోయింది. బావ ఆశ చావక మరో విడత కీమోకు తేదీ తీసుకున్నాడు. మిగిలిన నాలుగు వారాలూ అక్క వాంతులతోనే గడపాలి. ఆ సంగతి దానికి తెలియదు. దాని ముందు నవ్వుతూ తిరుగుతుంటే నా మీద నాకే అసహ్యం వేసేది.

కీమో ముందురోజు మధ్యాహ్నం ఇక ఆగలేకపోయాను. బావ మందుల షాపుకు వెళ్ళగానే ఫోను ఆపేసి, కుర్చీ మంచం దగ్గరకు లాక్కున్నాను.

"అక్కా, నీ జబ్బు గురించి నీకేం తెలుసు?"

అక్క కుర్చీ వంక చూసింది. ఆపేసిన ఫోను వంక చూసింది. మొహం పాలిపోయింది.

"ఇంత పద్ధతిగా కూర్చున్నావంటే..." అంది. "ఎన్నాళ్ళే?"

"వారాలే అక్కా. రేపటి మందు నిన్ను బాధపెడుతుందే తప్ప..."

చదివిందంతా ఎటు పోయిందో, దుప్పట్లో మొహం పెట్టుకుని ఏడ్చాను.

నా వీపు మీద అక్క వేలు తడుతోంది. ఒకటి, రెండు, మూడు. పది దగ్గర ఆగింది.

"రేపు రానని మీ బావకు నేనే చెబుతాలే," అంది. "ఇప్పుడు మాట్లాడు."

నాకు నోరు పెగల్లేదు. అక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.