సుద్దతో రాసిన అరవై

నాలుగోసారి కూడా నాన్న ఫోన్ ఎత్తలేదు. సుత్తి మోతలో ఆయనకి ఫోన్ ఎక్కడ వినిపిస్తుంది! క్లాసు మధ్యలో లేచొచ్చేసి బస్టాపులో అటూ ఇటూ తిరుగుతున్నాను. కూర్చోవడానికి బల్ల ఉంది గానీ కాలు నిలవడం లేదు.

నాన్నది రేకుల పని. చూరు నుంచి జారే వాననీళ్లు పట్టే కాలువలు చేస్తాడు. పోయిన వానకి మందుల షాపు మీద కాలువ పొంగి లోపల అట్టపెట్టెలన్నీ నానిపోయాయి. ఈ సాయంత్రానికి ఎక్కువ నీళ్లు పట్టేది బిగించకపోతే ఇంకొకరిని చూసుకుంటానని షాపాయన తెగేసి చెప్పాడు. నాన్న కొట్లో మిగిలింది ఒక్కటే రేకు.

నిన్న నేను గొప్పగా కాగితం తీశాను. రేకుని మూడు సమభాగాలు చేసి, పక్క రెండూ ఎంత కోణంలో లేపితే ఎక్కువ నీళ్లు పడతాయి? వైశాల్యాన్ని అవకలనం చేసి సున్నాకి సమానం చేస్తే కాస్ తీటా, కాస్ రెండు తీటా పక్కపక్కన వచ్చి కూర్చున్నాయి. రెండోదాని బదులు రెండు కాస్ స్క్వేర్ తీటా మైనస్ ఒకటి రాయగానే మామూలు వర్గ సమీకరణమై దారికొచ్చింది. జవాబులు రెండు. నూట ఎనభై అయితే రేకు మడతపడి అణిగిపోతుంది, చుక్క పట్టదు. గరిష్ఠం అరవై డిగ్రీల దగ్గర.

"నిలువుగా లేపితేనే కదే కాలువయ్యేది," అన్నాడు నాన్న.

"ముప్పయ్యేళ్లుగా అలవాటు కొద్దీ వంచుతున్నావు. లెక్క ఉందా నీ దగ్గర? ఈ ఒక్కసారి నేను చెప్పినట్టు చెయ్యి నాన్నా!"

రేకు మీద సుద్దతో 60 అని రాసి, కింద గీత కూడా గీశాను.

ఇవాళ క్లాసులో అలాంటి లెక్కే వచ్చింది. "కోణం ఎక్కణ్ణుంచి కొలుస్తున్నారు?" అని మేడమ్ అడగగానే నా పెన్ను ఆగిపోయింది. నా అరవై, పరిచిన రేకు నుంచి పక్క ఎంత లేచిందో చెప్పేది. నాన్న కోణం చూసేది మూల లోపలి నుంచి. అక్కడ నూట ఇరవై ఉండాలి! పుట్టినప్పటి నుంచీ ఆ కొట్లో తిరిగినదాన్ని, నాకు తెలియదా? సిగ్గుతో చెవులు మండిపోయాయి.

బస్సు ప్రతి సిగ్నల్ దగ్గరా ఆగింది. ఓపిక నశించి ఒక స్టాపు ముందే దిగి పరుగెత్తాను. కొట్లోంచి సుత్తి చప్పుడు రావడం లేదు. అంటే వంచడం అయిపోయినట్టే.

బల్ల మీద రేకు మూడు పలకల గొట్టమై పడుంది. పైన రెండు అంచులూ వెంట్రుక దూరనంత చక్కగా కలిశాయి.

"ఇందులోకి వాన ఎటు నుంచి పడుతుందే?" అన్నాడు నాన్న. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు.

"వంచేటప్పుడు తెలియలేదా నాన్నా?"

"మొదటి పక్కకే తెలిసింది."

"మరి ఆపలేదేం?"

"నువ్వు లెక్క వేసి చెప్పావు కదమ్మా. నాకు అర్థం కానిదేదో ఉందనుకున్నాను."

తిట్టినా బాగుండేది. ఏడుస్తూనే జరిగింది చెప్పాను. నాన్న చెక్క సుత్తి తీసుకుని పక్కల్ని మెల్లగా తెరవడం మొదలుపెట్టాడు. మడత వెంట పూత పొడిపొడిగా రాలింది, రేకు మాత్రం చిట్లలేదు. షాపాయన రావడానికి ఇంకా గంట ఉంది.

పక్కలు వెనక్కి వాలుతూ వచ్చి సరిగ్గా ఎక్కడ ఆగాలో అక్కడికి చేరాయి. కొలిచి చూడక్కర్లేదు, నా కంటికే తెలుస్తోంది. నాన్న సుత్తి ఎత్తి నా వైపు చూశాడు.

"ఇక్కడ ఆపనా?"

ముప్పయ్యేళ్లలో ఆయన ఆ మాట ఎవరినీ అడగలేదు.