ఉప్పు గనిలోకి ముగ్గురు

బోర్డు మీద బొమ్మలు నడిపి, పాచికలు వేసి ఆడే నేలమాళిగ ఆటలో కొత్తవాళ్ళకి కథ ఎంచిపెట్టడమంటే పెళ్ళిసంబంధం చూడడం లాంటిది. కుదిరితే వాళ్ళ అదృష్టం, చెడితే మన తలకాయ. పెట్టెలో ఇరవై కథలుంటాయి. మొదటిసారి వచ్చినవాళ్ళు అట్ట మీద బొమ్మ చూసి అన్నిటికన్నా పెద్ద రాక్షసుడున్నదే కావాలంటారు, సగంలో ఆవులిస్తారు. అందుకని వాళ్ళని అడగను, నేనే ఎంచుతాను. ఒక్క సాయంత్రంలో తేలిపోవాలి. అందరికీ ఒక తలుపైనా తెరిచే వంతు రావాలి. చివర్లో కాస్త పోట్లాడుకుని నవ్వుకునే చోటుండాలి. కీలుంగ్ రేవు వెనక వీధిలో, నూడుల్స్ కొట్టు మీది అంతస్తులో, ఇన్నేళ్ళుగా ఈ ఆటల దుకాణం నడిపి నేర్చుకున్నది ఇంతే.

లాయ్ అక్క కూతురు మాన్చీ ఫోన్ చేసినప్పుడు మాత్రం ఈ లెక్కలేవీ పనికిరాలేదు.

“పిన్నీ, అమ్మ మీ దగ్గరికొచ్చి ఆడతానంటోంది. అన్నయ్య ఆడేదే కావాలట.”

“మీ అమ్మా? పాచికలు చూస్తేనే జూదమని తిట్టిపోసేది కదే!”

“అదే నా భయం. గుడిలో పూనకం వచ్చేవాళ్ళచేత ఎన్నిసార్లు అడిగించినా వాడు పలకలేదట. వాడు గుడికి రాడు, ఆటకైతే వస్తాడు అంటోంది.”

ఆ పిల్లవాడు పోయినేడు చేపలు పట్టడానికెళ్ళి, సముద్రంలో అలలు ఆపే కట్ట మీంచి జారి నీళ్ళలో పోయాడు. అంతకుముందు వాడి శనివారాలన్నీ నా దుకాణంలోనే గడిచాయి. పేరు చెప్పను. ఇది ఏడో నెల, పోయినవాళ్ళు ఈ లోకంలోకి వచ్చి తిరిగే నెల. ఈ నెలలో చీకటి పడ్డాక మేమెవరం పేరు పెట్టి పిలుచుకోము, ఎవరు విని గుర్తుపెట్టుకుంటారో తెలియదు కనుక. దయ్యం అన్న మాట కూడా అనం, ‘అన్నదమ్ములు’ అంటాం. ఇక నీళ్ళలో పోయినవాళ్ళ ఊసు అసలే ఎత్తం. తమ చోట ఇంకొకరు దొరికేదాకా వాళ్ళు అక్కడే పడి ఉండాలని పెద్దలంటారు.

“పొద్దుగూకితే చాలు, వెళ్ళి ఆ కట్ట మీద నిలబడుతోంది పిన్నీ,” అంది మాన్చీ. “నిన్న నేను వెళ్ళేసరికి మోకాళ్ళదాకా తడిసి ఉంది. నీళ్ళు లేని కథ చూడు. పోయినవాళ్ళు తిరిగొచ్చే కథ అస్సలొద్దు.”

మధ్యాహ్నమంతా పెట్టె ముందేసుకుని కూర్చున్నాను. ‘నూతి అడుగు’ చూడకుండానే పక్కన పడేశాను. ‘బందీ’ అంటే చెరలో ఉన్నవాణ్ణి విడిపించుకొచ్చే కథ. ఆ తల్లి చేతికి అదిస్తే ఇంకేమైనా ఉందా! ‘గంటల కొండ’ మంచిదే కానీ దానికి ఒక సాయంత్రం చాలదు. చివరికి ‘ఉప్పు గని’ దగ్గర ఆగాను. అందులో చుక్క నీరు లేదు. ముగ్గురు లోపలికెళ్ళి, దొంగలు దాచిన సొమ్ము పట్టుకుని బయటపడాలి. అయితే బయటికి పోయే ఇనుప తలుపు గొలుసు లాగి పట్టుకుంటేనే తెరుచుకుని ఉంటుంది, పట్టుకున్నవాళ్ళు లోపలే ఉండిపోతారు. అక్కడికొచ్చేసరికి కొత్తవాళ్ళు ‘నువ్వుండు, కాదు నువ్వుండు’ అని కొట్టుకుని కడుపుబ్బ నవ్వుతారు. ఆ ఒక్క చోటు కోసమే దాన్ని ఎంచాను.

సాయంత్రం వాన తెరిపివ్వలేదు. కింద కొట్లవాళ్ళు అరుగుల మీద బల్లలు వేసి అన్నదమ్ములకి పళ్ళూ అన్నమూ పెట్టారు. ఆ అగరొత్తుల పొగలోంచి తల్లీకూతుళ్ళు పైకొచ్చారు. బజారులో చేప ఉండలమ్మే లాయ్ అక్క అంటే నోరున్న మనిషి, బేరమాడినవాళ్ళని తరతరాలూ తలుచుకునేలా తిట్టేది. ఇప్పుడు రెయిన్‌కోటులో సగమైపోయి కనిపించింది.

“కూర్చో అక్కా. ఇదిగో, ఈ గొడ్డలి బొమ్మ నీది.”

దాన్ని తిప్పి చూసి, “ఈ గొడ్డలికి ఉల్లికాడ కూడా తెగదు చెల్లీ,” అంది. మాన్చీ నవ్వింది. హమ్మయ్య అనుకున్నాను.

“మరి ఈ మూడోది?” అంది లాయ్ అక్క.

“దానికి మనిషి అక్కర్లేదు. దాని వంతు వచ్చినప్పుడు ఈ పేకకట్టలోంచి పై ముక్క తిప్పితే, అదేం చెయ్యాలో అందులో ఉంటుంది. దూకమంటే దూకుతుంది, ఆగమంటే ఆగుతుంది.”

లాయ్ అక్క లేచి గోడవారనున్న కుర్చీ ఒకటి లాక్కొచ్చి మూడో బొమ్మ ముందు వేసింది. నేను వద్దనేలోపే తన తువ్వాలుతో దాన్ని శుభ్రంగా తుడిచి, “రా నాయనా, కూర్చో,” అంది.

నెల కదా, పేరు పెట్టలేదు. మావాళ్ళెవరైనా అలాగే చేస్తారు. నాక్కూడా అప్పుడు తప్పు తోచలేదు.

ఆట మొదలైంది. మొదటి గదిలో రెండు ఎలుకలు. మూడో బొమ్మ వంతుకి లాయ్ అక్క ముక్క తిప్పింది. ‘తోడు నిలు’ అని వచ్చింది. బొమ్మని తీసి ఆమె బొమ్మ పక్కన పెట్టాను. తర్వాతి వంతుకీ అదే. ఆ తర్వాతా అదే. కట్ట సరిగ్గా కలవలేదేమోనని ఈసారి నేనే గట్టిగా కలిపాను, మాన్చీ చేత కోయించాను. అయినా ‘తోడు నిలు’. తల్లి ఏ గదిలోకి వెళ్తే ఆ గదిలోకి, ఏ మూలకి తిరిగితే ఆ మూలకి, అది నెమ్మదిగా వెనకాలే వచ్చింది. ఎప్పుడు చూసినా ఆమెకీ బయటికి పోయే దారికీ మధ్య నిలబడి ఉంది.

“చూశావా, నన్ను వదలడం లేదు,” అంది లాయ్ అక్క. మొహం విప్పారింది. ఏడాదిగా ఆ మొహంలో అంత వెలుగు చూడలేదు. చూస్తే సంతోషం కలగాలి. నాకు చచ్చేంత భయం వేసింది.

ఎందుకంటే వాడి ఆట నాకు తెలుసు. వాడు ఎవరి కోసమూ ఆగిన పాపాన పోలేదు. తలుపు తెరిచీ తెరవగానే అందరికన్నా ముందు దూకేవాడు, అందరికన్నా ముందు చచ్చేవాడు, మిగతావాళ్ళు ఆడుతుంటే కిందికెళ్ళి నూడుల్స్ తినేవాడు. ఇంత ఓపిక వాడిది కాదు. పేరు పెట్టని పిలుపుకి ఎవరైనా రావచ్చు. ఈ కూర్చున్నది ఎవరో గానీ, ఎదురుచూడడం బాగా తెలిసినవాళ్ళు.

మాన్చీకీ తెలిసింది.

“అమ్మా, అన్నయ్య ఎప్పుడైనా నీ పక్కన ఇంతసేపు నిలబడ్డాడా?”

“పోయాక బుద్ధొచ్చి ఉంటుంది,” అంది లాయ్ అక్క, బొమ్మ మీంచి చూపు తిప్పకుండా.

“అక్కా, ఆట ఇక్కడికి ఆపుదాం,” అన్నాను. “టీ పెడతాను.”

“సగంలో లేవకూడదు చెల్లీ. అతిథి ఉన్నాడు.”

అదీ నిజమే. పిలిచి కూర్చోబెట్టినవాళ్ళ ముందు సగంలో బల్ల ఎత్తేస్తే వాళ్ళు మనతో ఇంటికొస్తారని చిన్నపిల్లలకి కూడా తెలుసు. గదిలో చల్లగా ఉంది, ఫ్యాన్ కూడా వెయ్యలేదు.

ఇనుప తలుపు దగ్గరికొచ్చారు. నవ్వాల్సిన చోటు. లాయ్ అక్క తన గొడ్డలి బొమ్మని తీసి గొలుసు దగ్గర పెట్టింది. మూడో బొమ్మకి ముక్క తిప్పింది. మళ్ళీ ‘తోడు నిలు’. నేను ఇష్టం లేకుండానే దాన్ని ఆమె బొమ్మకి ఆనించి పెట్టాను.

“నువ్వు వెళ్ళిపో తల్లీ,” అంది కూతురితో. గొంతు ఎంతో తేలిగ్గా ఉంది. “మేమిద్దరం ఇక్కడే ఉంటాం.”

ఆమె బోర్డు గురించి మాట్లాడటం లేదని ముగ్గురికీ తెలుసు. మాన్చీ పాచికలు బల్ల మీద విసిరికొట్టింది.

“వెళ్ళి ఏం చెయ్యమంటావ్? ఆ ఇంట్లో మీ ఇద్దరి ఫోటోల ముందు నేనొక్కదాన్నే అగరొత్తులు వెలిగించుకుంటూ కూర్చోనా? వాడు పోయి ఏడాదయింది. నేను బతికే ఉన్నానమ్మా! ఒక్కసారైనా నావంక చూశావా?”

లాయ్ అక్క కూతురి వైపు చూసింది. ఎవరో పరాయి పిల్లని చూసినట్టు ముందు, తర్వాత మెల్లగా పోల్చుకుంటున్నట్టు. పిల్ల దవడ ఎముకలు పైకి తేలాయి. జుట్టు సగం ఊడిపోయింది. నేను రోజూ చూస్తున్నవే అవి. ఆమె మాత్రం ఇప్పుడే చూసింది.

ఆమె ఖాళీ కుర్చీ వైపు తిరిగి, బజారులో పరాయివాళ్ళతో మాట్లాడే మర్యాదతో మాట్లాడింది.

“నాయనా, నిన్ను పిలిచింది నేనే. పేరు పెట్టి పిలవలేదు. తప్పు నాది, నీది కాదు. నీకూ ఒక తల్లి ఉండే ఉంటుంది.” నా ముందున్న వేరుశెనగ గిన్నె తీసి కుర్చీ ముందు పెట్టింది. “ఇది తిను. నేను నీతో రాలేను. నాకు ఆడపిల్ల ఉంది.”

ఈసారి ముక్క నేను తిప్పాను. ‘ఆగు’ అని వచ్చింది.

గొలుసుని మూడో బొమ్మ చేతికి ఇచ్చి, లాయ్ అక్క గొడ్డలి బొమ్మని కూతురి బొమ్మ వెనకాలే తలుపు దాటించింది. కథ ముగిసింది. ఎవరూ నవ్వలేదు. ఆమె కుర్చీకి తల వంచి, రెయిన్‌కోటు తొడుక్కుని బయటికి నడిచింది. నేను వాళ్ళని మెట్ల దాకా సాగనంపాను. నా వెనక గదిలో, ఎవరూ లేని బల్ల దగ్గర, ఒక్కొక్కటిగా వేరుశెనగలు చిట్లుతున్నాయి. తిరిగి చూడలేదు. చూసే ధైర్యం నాకు లేదు.

మెట్ల మధ్యలో లాయ్ అక్క ఆగింది. కూతురి మణికట్టు పట్టుకుని, అది ఎంత సన్నబడిందో వేళ్ళతో చూసుకుంది.

“ఏమే, అన్నం తిన్నావా?” అంది.

మాన్చీ అక్కడే మెట్టు మీద కూలబడి, చిన్నపిల్లలా బావురుమంది. “లేదమ్మా,” అంది. “చాలా ఆకలేస్తోంది.”