రాణిగారి వంతు

కోటు చేతికి లైనింగు అతుకుతూనే దర్జీ నిఘంటువు కోసం చెయ్యి చాపాడు. పక్క స్టూలు మీద కూర్చుని అంచులు మడుస్తున్న అక్క దాన్ని చటుక్కున తన వైపు లాగేసుకుంది.

నాటకాల కంపెనీవాళ్ళు బాగుచెయ్యమని పంపిన కోట్ల మూటలో ఒక పాత ఇంగ్లీషు నాటకం పుస్తకం దొరికింది. తిరిగివ్వబోతే ఉంచుకోమన్నారు. ఎన్నో వందల ఏళ్ల కిందటి భాష. తెలిసిన మాటలు కూడా వేషం మార్చుకుని కూర్చున్నాయి. మొదట్లో అతను ప్రతి మాటకీ అర్థం వెతికేవాడు. వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోయేవాడు. నిఘంటువు నలిగింది గానీ కథ అంగుళం కదల్లేదు.

"ముందు కచ్చా కుట్టు వేసుకుంటూ పోరా. గట్టి కుట్టు తర్వాత చూసుకోవచ్చు," అంది అక్క ఒకరోజు.

అప్పటినుంచి తెలియని మాట దగ్గర ఆగకుండా పైకి చదవసాగారు. నోటితో పలికితే ఎవరు బతిమాలుతున్నారో, ఎవరు వెటకారమాడుతున్నారో దానంతటదే తెలిసొచ్చేది. రాణి మాటలు అక్కవి. మంత్రులు, భటులు, రాణి తమ్ముడు, అందరూ అతనే. ఉన్న ఒక్క పుస్తకం మిషను మీదుగా చేతులు మారేది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు భటుల కొట్లాట తేలేదాకా గుమ్మంలోనే నిలబడేవారు.

రాణి తన తమ్ముణ్ణి కోటలోంచి వెళ్ళగొట్టింది. చివరికి తలుపు తీస్తుందా? ముందుగా ఆఖరి పేజీ చూడకూడదని ఇద్దరూ ఒట్టు పెట్టుకున్నారు. గుండె బలహీనంగా ఉందని డాక్టరు చెప్పినప్పటినుంచి అక్కకి తొందరెక్కువైంది. "అది తేలకుండా నేను పోనురా," అని నవ్వేది. అమ్మ పోయాక అతణ్ణి పెంచింది ఆవిడే. ఆ నవ్వు అతనికి నచ్చేది కాదు.

అక్క నిఘంటువు లాగేసుకున్న ఆ మధ్యాహ్నమే ఆఖరి రంగానికొచ్చారు. తమ్ముడు తలుపు కొట్టే చోట దర్జీ కత్తెరతో మిషను బల్ల మీద కొట్టాడు. సగం మాటలు తెలియకపోయినా నిజంగా బతిమాలుతున్నట్టే చదివాడు. పుస్తకం అక్క వైపు చాపాడు.

ఆవిడ అందుకోలేదు. కళ్ళజోడు ముక్కు కొసకి జారింది. కునుకు పట్టిందేమో అనుకున్నాడు.

"అక్కా, నీ వంతు."

చెయ్యి పట్టుకున్నాక తెలిసింది.

ఇరుగుపొరుగు వచ్చారు, జరగవలసినవన్నీ జరిపించారు. మర్నాడు సాయంత్రం అతను కొట్టు తెరిచి, నిఘంటువు పక్కన పెట్టుకుని, రాణి మాట తనే పైకి చదివాడు. నిఘంటువు అవసరం పడలేదు. తమ్ముడూ, లోపలికి రా. అంతే ఉంది. దర్జీ పుస్తకం మూసి, బల్ల మీద తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చాడు.

పక్క స్టూలు మీద అక్క కుడుతున్న కోటు అలాగే ఉంది, అంచు సగందాకా తెల్లదారంతో కచ్చా కుట్టు, కుట్టు ఆగినచోట గుచ్చిన సూది.