ఐలవ్వ విడిచిన కూరలు

ఇనుము లాంటి మనిషికి ఒంట్లో ఇనుము లేదట. కరీంనగర్ డాక్టరమ్మ ఆ మాట చెప్పంగనే సదానందం నవ్విండు. గదిలో నవ్వింది తనొక్కడే అని తెలిసినంక మూతి సర్దుకున్నడు.

"నవ్వే ముచ్చట కాదు," అన్నది డాక్టరమ్మ. "మీ అమ్మకు పిత్తాశయం నిండ రాళ్లున్నయి. ఆపరేషన్ చేసి తీసెయ్యాలె. కాని రక్తం ఏడు పాయింట్ ఎనిమిదే ఉంది. పది ఉంటెనే మత్తిస్తరు. నెలన్నర టైం. ఈ లోపల ఒక్క రాయి జారి నాళంల ఇరికిందనుకో, ప్రాణం మీదికొస్తది."

"రక్తం ఎక్కిద్దాం మేడం."

"ఎవలిదో రక్తం నాకెందుకు," అన్నది ఐలవ్వ, పరీక్ష మంచం మీద కూసొని కాళ్లు ఊపుకుంట. "ఆ మనిషి ఎసొంటోడో ఏందో. రేపటి నుంచి నేను వాని లెక్క మాట్లాడితే ఎవలు పడుతరు?"

ఐలవ్వకు డెబ్బై రెండేండ్లు. ఆ ఏండ్లల్ల ఆమె మొక్కని రాయి లేదు. మొక్కీ మొక్కీ నాలుగు లోపలికే తెచ్చి పెట్టుకున్నట్టుంది అనుకున్నడు కొడుకు. అనుకొని లెంపలేసుకున్నడు.

డాక్టరమ్మ ఇనుము టానిక్ రాసింది. ఖాళీ కడుపుల టానిక్ ఒక్కటే ఏం చేస్తది, తిండి తినాలె అని వెనక ఒక లిస్టు కూడ రాసింది. పుంటికూర, అదే గోంగూర, పాలకూర, గుడ్లు, కోడికూర, ఖర్జూరాలు, బీట్‌రూట్. సదానందం ఆ కాగితాన్ని అంగి జేబుల పెట్టుకొని సిరిసిల్ల బస్సెక్కిండు. దిగేసరికి దాన్ని పదిసార్లు తీసి చూసిండు.

ఇంట్ల మొదటి వారం తినుడు కంటె తిననుడే ఎక్కువ నడిచింది.

సదానందం భార్య పద్మలత పాలకూర పప్పు చేసింది. ఐలవ్వ పళ్లెం పక్కకు జరిపింది. "దీన్ని మురికి మోరీ నీళ్లతోని పండిస్తరు. పాలకూరల పాలు లేవు, మోరీ ఉంది."

పద్మలత కోడికూర వండింది. "తల్లి పొదగని కోడి. మిషిన్ల పుట్టి మిషిన్ల పెరిగింది. అవ్వ ఎవరో బాపు ఎవరో తెల్వని దాన్ని నేను తిన."

"సంబంధం కలుపుకుంటున్నమా అత్తమ్మా, కులగోత్రాలడుగుతున్నవు," అన్నది పద్మలత.

బీట్‌రూట్ కోస్తే, "రక్తం తక్కువైందని రక్తం కారేదాన్ని తినుమంటరు. దాని రక్తం దానికి లేకపాయె," అని అవతలికి చూసింది.

"మరేం తింటవే?" అన్నడు సదానందం.

"తెల్లన్నం, పచ్చిపులుసు."

"తెల్లన్నం తిని తినే తెల్లగైనవు."

బట్ట నేసే సాంచల మీద పోగు మోసే నాడె ఎట్లయితే అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నిలకడ లేకుంట కొట్టుకుంటదో, సదానందం మనసు కూడ అట్లనే కొట్టుకుంటుంది. కార్ఖానాల ఎనిమిది సాంచలు చూసే మనిషి, పోగు తెగింది కూడ చూడకుంట నిలబడుతుండు. పావుగంటకోసారి ఇంటికి ఫోన్. "తిన్నదా?" "తినలే." పద్మలత ఆఖరికి ఫోనెత్తంగనే "తినలే" అంటుంది, అడిగింది ఎవరో కూడ చూడకుంట. ఒకనాడు గ్యాస్ బండ తెచ్చే అతనికి కూడ అట్లనే చెప్పింది.

ఒక సంగతి మాత్రం సదానందానికి కొత్తగ తోచింది. పాలకూరకు, కోడికి, బీట్‌రూట్‌కు ఐలవ్వ గంటసేపు కారణాలు చెప్పింది. పుంటికూర, గుడ్డు, ఖర్జూరం ముందల పెడితే మాత్రం ఒక్కటే మాట, "వద్దు." ఎందుకే అంటే మల్ల "వద్దు." వాన ఎందుకు పడలేదో, పక్కింటి కోడలు ఎందుకు అలిగిందో అన్నిటికీ కారణం చెప్పే మనిషి. ఆ మూడిటికి మాత్రం నోరు కుట్టేసుకున్నది.

రెండో వారం ఒక తెల్లారుజామున ఐలవ్వ కుడి డొక్క పట్టుకొని ముడుసుకపోయింది. నొప్పికి పండ్లు బిగవట్టింది గని అరవలే. ఆటోల దవాఖానకు తీసుకపోయి సూది ఇప్పించి తెచ్చిండ్రు. "మల్ల ఒక్కసారి ఇట్లొస్తే ఆగేటట్టు లేదు," అన్నడు అక్కడి డాక్టరు. ఆ మాట సదానందం చెవుల సాంచ లెక్క ఆడుతనే ఉంది.

"చిన్నమ్మనడుగు పో," అన్నది పద్మలత. "మీ అవ్వ కడుపుల మాట తెలిసింది ఆమెకొక్కదానికే."

చిన్నమ్మ అంటే ఐలవ్వ చెల్లె దేవవ్వ. ఉండేది లక్సెట్టిపేటల. సదానందం జగిత్యాల దాక ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు ఎక్కి పోయేసరికి దేవవ్వ అరుగు మీద కూసొని చింతపండుల గింజలు తీస్తుంది. సంగతంత విన్నది. చెయ్యి ఆపలే.

"ఇంటి వెనకంత మొక్కలు, ఇంట్లంత మొక్కులు. మీ అవ్వ బతుకే అంత," అన్నది. "నీకు తొమ్మిదేండ్లప్పుడు కామెర్లయినయి, యాదికుందా? మనిషివి పసుపు కొమ్మయినవు. నువ్వు బతికితే పుంటికూర ముట్టనని రాజన్న దేవునికి మొక్కింది."

సదానందం కూసున్నోడు లేచిండు.

"కూసో. ఇంక ఉంది. పదో తరగతిల నువ్వు లెక్కలల్ల గుడ్డు తెచ్చుకున్నవు. నువ్వు పాసయితే గుడ్డు తిననని మీ అవ్వ మొక్కింది. దుబాయి పోయినవు, మంచిగ తిరిగొస్తే చాలని ఖర్జూరం విడిచింది."

"దుబాయి నుంచి వచ్చి పదకొండేండ్లాయె చిన్నమ్మా."

"మల్ల పోతవేమోనని పట్టుకున్నది. కాశీకి పోయినప్పుడు గంగల వంకాయ విడిచింది. అది నీ తాగుడు కోసం. మానినవా?"

సదానందం చింతగింజల దిక్కు చూసిండు. "ఆదివారం కల్లు తాగుడుల లెక్క రాదు గద."

"లెక్కలల్ల నువ్వెంతనో మాకెరుకే," అన్నది దేవవ్వ.

"నాకెందుకు చెప్పలే?"

"మొక్కు చెప్పుకుంటే ఫలం పోతది. నాకెట్ల చెప్పింది అంటవా, నేను తోడబుట్టిందాన్ని. నాకు చెప్తే తనకు తను చెప్పుకున్నట్టు." గింజలు చాటల పోసి అప్పుడు మొఖం ఎత్తింది. "మొక్కు దిగే తొవ్వ ఒకటుంది. మొక్కు ఎవని పేర ఉందో, వాడు బదులు ఒకటి విడిచి, తన చేత్తోని మొదటి ముద్ద పెట్టాలె. అప్పుడు ఆమె తినొచ్చు."

సదానందానికి పానం లేచొచ్చింది. వచ్చేటప్పుడు రాయపట్నం కాడ బస్సు దిగి గోదాట్లకు నడిచిండు. మోకాళ్ల లోతు నీళ్లల్ల నిలబడి దోసిలి పట్టిండు. ఏం విడవాలె? నాలుక మీదికి ఒక్కొక్కటి వచ్చి నన్ను విడవకు నన్ను విడవకు అని బతిమాలినయి. అన్నిటి కంటె ఎక్కువ పుంటికూర బతిమాలింది. అది లేని బువ్వ సదానందం ఏనాడు సక్కగ తినలే. ఆఖరికి కండ్లు మూసుకొని, "బీట్‌రూట్ విడిచిన," అని దోసిలి వదిలిండు. గోదావరి ఏమనలే, పారుకుంట పోయింది.

ఇంటికొచ్చి ఐలవ్వ ముందల పుంటికూర పప్పు కలిపి ముద్ద ఎత్తిండు. "చిన్నమ్మ అంత చెప్పింది. నీ పేరు మీద నేను విడిచిన. తిను."

"ఏం విడిచినవు?"

"బీట్‌రూట్."

ఐలవ్వ చానసేపు నవ్వింది. డొక్క నొయ్యంగ నవ్వింది. "నువ్వు పుట్టినకాడి నుంచి అది ముట్టలే గదరా. తిననిదాన్ని విడుస్తరా? దేవునికి లెక్కలు రావనుకున్నవా, నీ లెక్క?"

ముద్ద గిన్నెలకే పోయింది. నవ్వినంత సేపు నవ్వి, లేవబోయి, ఐలవ్వ గోడ పట్టుకున్నది. ఆమె వేళ్ల గోళ్లు సున్నం లెక్క పాలిపోయి ఉన్నయి. గోడ సున్నం ఎక్కడిదాకనో, ఆమె వేళ్లు ఎక్కడి నుంచో సదానందానికి ఒక నిమిషం తెలియలే.

చెంబుల నీళ్లు అరచేతిల పోసుకున్నడు. "రాజన్నా, మా అవ్వ రక్తం పది అయ్యేదాక నేను పుంటికూర ముట్ట," అన్నడు. నీళ్లు విడిచిండు. పప్పు గిన్నె తన దిక్కు నుంచి ఆమె దిక్కు జరిపిండు.

ఐలవ్వ నవ్వు ఆగింది. "వెనక్కి తీస్కో."

"నీళ్లు విడిచిన."

"ఎవలనడిగి మొక్కినవు?"

"నువ్వెవలనడిగి మొక్కినవు?"

ఐలవ్వ గిన్నెను మల్ల కొడుకు దిక్కు జరిపింది. అందరి పేర్ల మీద మొక్కింది గని, తన పేర ఇంకొకరు మొక్కితే ఎట్లుంటదో ఆమెకు ఇన్నేండ్లల్ల తెల్వది.

పద్మలత పూటపూటకు పుంటికూర వండుడు పెట్టింది. సదానందం ఉత్త చారు పోసుకొని, గిన్నె దిక్కు చూడకుంట, ముద్ద మింగలేక నీళ్లు తాగుతుండు. ఐలవ్వ కొడుకు పళ్లెం చూస్తుంది. రెండు దినాలు చూసింది. రాత్రి లేచి కూసుంటుంది, మల్ల పండుకుంటది. మూడో దినం పగటి బువ్వ కాడ, "పెట్టు," అన్నది.

సదానందం పెట్టిండు. ముప్పై తొమ్మిదేండ్ల తర్వాత నోట్లెకు పోయిన పులుపుకు ఆమెకు ఒక కన్ను దానంతట అదే మూసుకున్నది. నమిలింది. "ఉప్పెక్కువైంది," అన్నది, పద్మలత దిక్కు చూసి. రెండో ముద్ద తనే కలుపుకున్నది.

తెల్లారి దేవుని పటం ముందల నిలబడి బేరం పెట్టింది. "రాజన్నా, వాడు పదో తరగతి పాసైతే గుడ్డు తిననన్న. వాడు పాస్ కాలే. నీ మాట నువ్వు నిలుపుకోలే. నా గుడ్డు నాకియ్యి." దేవుడు కాదనలే. దినానికి రెండు గుడ్లు. పాలకూర కూడ మోరీ వాసన మరిచిపోయి పళ్లెంలకొచ్చింది. ఖర్జూరం మాత్రం ముట్టలే. "అది అట్లనే ఉండని," అన్నది. వంకాయ సంగతి ఎవలు ఎత్తలే. సదానందం ఆ ఆదివారం కల్లుకు తాళ్ల దిక్కు పోలే, మల్ల ఆదివారం కూడ పోలే. ఎందుకు రాలేదని సాంచల కాడి దోస్తులడిగితే తెగిన పోగు అతుకుడుల పడ్డడు.

ఇప్పుడు ఇంట్ల ఇద్దరు పరేషాన్. ఆమె నమిలినంత సేపు ఆయన లెక్కపెడుతుండు. ఆయన చారు మింగుతుంటే ఆమె గోళ్లు చూసుకుంటుంది. "ఎర్రగైనయా?" "జర." "జర అంటే ఎంత?" డొక్క ఎప్పుడు నొస్తదో అని రాత్రి తలుపు సప్పుడైనా ఇద్దరు లేస్తుండ్రు.

నెలన్నర నిండిననాడు కరీంనగర్ పోయిండ్రు. ల్యాబుల మమతారాణి అనే పిల్ల ఐలవ్వ చేతికెల్లి రక్తం గుంజింది. గంట ఆగి కాగితం పట్టుకొని లోపలికి పోతే డాక్టరమ్మ కండ్లద్దాలు సరిచేసుకున్నది.

"తొమ్మిది పాయింట్ ఆరు. మంచిగ పెరిగింది. నడుస్తది. సోమారం ఆపరేషన్ పెట్టుకుందాం."

సదానందం ఇన్ని దినాల సంది మొదటిసారి కుర్చీకి ఆనుకొని కూసున్నడు.

ఐలవ్వ మాత్రం లేచింది. "పది అంటివి గద బిడ్డా."

"ఆపరేషన్‌కు ఇది చాలమ్మా."

"ఆపరేషన్‌కు చాలుతది. వానికి చాలది," అన్నది ఐలవ్వ.

ఎవనికి చాలదో డాక్టరమ్మకు అర్థం గాలే. ఆమె అడిగే లోపలనే ఐలవ్వ బయటికి నడిచింది. సదానందం వెనక ఉరికిండు. అప్పటికే ఆమె ల్యాబుల స్టూలు మీద కూసొని కుడి చెయ్యి బల్ల మీద చాపింది.

"ఇందాక నువ్వు ఎడమ చేతిల గుంజినవు బిడ్డా," అంటుంది మమతారాణితోని. "నేను తినేది కుడి చేత్తోని. ఈ చేతిల చూడు."