రన్‌వే కొసన గద్దల వాటా

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు దిద్దింది అరవయ్యో ఏట, మనవరాలి పలక మీద. ఒత్తులు తప్పితే చదివేవాళ్ళు సర్దుకోండి. ఒక పేజీ రాయడానికి నాకు రెండు రోజులు పడుతుంది. అందులో ఒక రోజు కళ్ళద్దాలు వెతుక్కోవడానికే పోతుంది. ఈ కథలో పేరమ్మ అంటే నేనే. 'నేను' అని రాస్తే నన్ను నేను వెనకేసుకొస్తానేమోనని అలా రాస్తున్నాను.

పేరమ్మ వాళ్ళ పాలెం వెనక ఒక విమానాల మైదానం ఉండేది. జపానువాడు వస్తాడన్న భయంతో యుద్ధకాలంలో తెల్లవాళ్ళు వేసి, యుద్ధం కాగానే వదిలేసి పోయారు. పదిహేనేళ్ళపాటు దాని మీద మేకలు తప్ప ఏమీ తిరగలేదు. తర్వాత పాలెం ఆడవాళ్ళు చేపల గంపలతో చేరారు. నెత్తళ్ళంటే వేలెడంత చేపలు, ఇసుకలో ఎండితే పళ్ళకింద కరకరమంటాయి, సంతలో ఎవరూ కొనరు. సిమెంటు రన్‌వే మీద ఎండితే ఒక్క రేణువు అంటదు. తొమ్మిది ఇళ్ళలో పొయ్యి వెలుగుతున్నదంటే ఆ సిమెంటు పుణ్యమే.

చైనా యుద్ధం అయిన మరుసటేడు వైమానిక దళంవాళ్ళు వచ్చారు. ఆ స్థావరం చరిత్ర ఎవరన్నా రాసి ఉంటే దళాలకు నంబర్లు వేసి ఉంటారు. పేరమ్మకు నంబర్లు రావు, ఎవరు ఏ చేప తిన్నారో మాత్రం తెలుసు. మొదట వచ్చింది రేడియో దళం. ఆరుగురూ పంజాబీలు, గంప చూస్తేనే ముక్కు మూసుకునేవారు. తర్వాత వచ్చింది పొద్దున్నే బుడగ ఎగరేసి గాలి చూసే దళం. ఇద్దరే బెంగాలీలు, కానీ ఒక గంప వాళ్ళకే చాలేది కాదు. ఆ తర్వాత ఎర్ర బండితో నిప్పులార్పే దళం. అందులో మస్తానయ్య అని కొడవలూరు వైపు రైతుబిడ్డ ఉండేవాడు. ఆఫీసరు మాటను తెలుగులో చెప్పేది అతనే. ఇంతమంది ఉన్నా అక్కడ విమానం మాత్రం లేదు. నెలకొకసారి డకోటా అనే విమానం వచ్చి సామాను దించి పోయేది. ఆ రోజు ఆడవాళ్ళు చేపలు ఎత్తేసేవారు.

ఒకనాడు మస్తానయ్య చేపల మధ్య జాగ్రత్తగా అడుగులేసుకుంటూ వచ్చాడు.

"అక్కా, మంగళవారం డకోటాలో మద్రాసునించి పెద్దాయన వస్తుండాడు. గద్ద పోయి పంకాలో పడితే విమానం కూలిపోతాదంట. ఆ పొద్దు ఒక్క గద్ద అడ్డమొచ్చినా మీ చేపలు ఇంక ఈడ ఉండవని మా ఆఫీసరు చెప్పమన్నాడు."

"గద్దల సంగతి నాకొదిలెయ్ తమ్ముడా. పుట్టినకాణ్ణించి వాటితోనే నా కాపరం."

"ఏం జేస్తావు?"

"అది ఆడోళ్ళ విద్దె. నువ్వు నిప్పు చూసుకో, నేను గద్దల్ని చూసుకుంటా."

సాయంత్రానికల్లా ఆఫీసరు పేరమ్మను పిలిచి మరీ పని అప్పజెప్పాడని పాలెమంతా చెప్పుకున్నారు. ఆ మాట పుట్టించింది పేరమ్మే.

పాలెంలో ఒక పద్ధతి ఉంది. చేపలు పరిచే ముందు తలలూ పేగులూ ఒక గుప్పెడు దూరంగా వేస్తారు. అది గద్దల వాటా. వాటా అందితే గద్ద మిగతా వాటి జోలికి రాదు. గుప్పెడు వాటాకు నాలుగు గద్దలు మళ్ళితే, రెండు గంపల వాటాకు చుట్టుపక్కల గద్దలన్నీ మళ్ళవా అనుకుంది పేరమ్మ. ఆఫీసరు కంటికీ, రేడియో గదికీ, అన్నిటికీ దూరంగా వేయాలి. అలా దూరంగా ఉండేది రన్‌వే తూర్పు కొస, సముద్రం వైపు. మంగళవారం పొద్దున్నే ఆమె భర్త గంగులయ్య రెండు గంపలు మోసుకొచ్చి అక్కడ గుమ్మరించాడు.

"విమానం యాడనించి దిగుతాదిమే?" అన్నాడు ఆయాసపడుతూ.

"ఆకాశంలోనించి" అంది పేరమ్మ.

తొమ్మిది గంటలకు మైదానం నడిమధ్యన ఒక్క గద్ద లేదు. ఆడవాళ్ళు కంచె బయట వరసగా నిలబడ్డారు. డకోటా సముద్రం మీదుగా వంగి, తూర్పు కొస దాకా వచ్చి, ఉన్నట్టుండి ముక్కు పైకెత్తి వాళ్ళ నెత్తి మీదుగా రొద చేసుకుంటూ పోయింది.

"ఏంది వదినా, దిగలా?" అంది ఆడబిడ్డ గురవమ్మ.

"పెద్దాయన గదా, ముందు పైనించి చూసుకుంటుండాడు."

రెండోసారీ అంతే. ఈసారి పేరమ్మ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆ చేతులు దించకముందే గంగులయ్య తూర్పువైపు వేలు చూపించాడు. రన్‌వే కొసన గద్దలు పొగలాగా లేస్తున్నాయి. ఎర్ర బండి గంట కొట్టుకుంటూ అటు పరుగెత్తి, నీళ్ళు చిమ్మి వాటిని తరిమింది. మూడోసారికి డకోటా దిగింది.

కాసేపటికి ఆఫీసరు కంచె దగ్గరికి వచ్చాడు. పక్కన మస్తానయ్య, నిలువునా తడిసి ఉన్నాడు.

"ఎవురు పోసినారని అడుగుతుండాడు."

"మాకు తెలీదు సామీ" అంది గురవమ్మ, పేరమ్మ వైపు చూడకుండా.

"అయితే తొమ్మిది ఇళ్ళకూ ఈ పొద్దుతో సరి అంటుండాడు."

పేరమ్మ వరసలోంచి ముందుకొచ్చింది. "నేనే పోసినా. గద్దలు రాకుండా ఉండేదానికే పోసినా. వీళ్ళకేం తెలీదు. ఆపితే నా ఒక్కదాన్ని ఆపమని చెప్పు."

మస్తానయ్య చాలాసేపు చెప్పాడు. ఆఫీసరు అంతకంటే ఎక్కువసేపు ఆలోచించాడు. తన పెద్ద మనసు చూసి కరిగిపోతాడని పేరమ్మ లోలోపల ఎదురుచూసింది కూడా.

"రన్‌వే మీద ఇంక చేప కనబడకూడదంట. ఎర్ర బండి షెడ్డు ఎనక పాత సిమెంటు ఉండాది గదా, ఎనిమిది ఇళ్ళు ఆడ ఎండేసుకోవచ్చంట."

"ఎనిమిదా?"

"నువ్వే గదక్కా, నీ ఒక్కదాన్ని ఆపమన్నావు."

మరుసటి రోజు అందరూ షెడ్డు వెనకకు పోతే, పేరమ్మ ఒడ్డున ఇసుకలో నెత్తళ్ళు పరుచుకుంది. గురవమ్మ వచ్చి, "నీ గంప నా దాంట్లో కలిపెయ్ వదినా, ఎవురికి తెలుస్తాది?" అంది.

"వద్దు. అంతమందిలో మాటిచ్చినా" అంది పేరమ్మ, చాలా గంభీరంగా.

ఆ గంభీరం మూడు రోజులు నిలిచింది. మూడో రోజు తన చేపల కూర తానే తిని, పన్ను పట్టుకుని కూర్చుంది. నాలుగో రోజు గంప కొంగు కింద దాచుకుని, అంత పెద్ద గంప ఎవరికీ కనబడదనుకుని, షెడ్డు వెనకకు నడిచింది. మస్తానయ్య ఎదురుపడ్డాడు. గంపను చూశాడు, ఆమెను చూశాడు. గుడ్డముక్క తీసుకుని, అప్పటికే మెరుస్తున్న బండిని అటువైపు తిరిగి తుడవడం మొదలుపెట్టాడు. గురవమ్మ తన నెత్తళ్ళను పక్కకు జరిపి చోటిచ్చింది.

పేరమ్మ, వయసు అరవై నాలుగు. ఇప్పుడు ఉండేది కోట అనే ఊళ్ళో, చిన్నకూతురి ఇంట్లో.