ఫిజిక్సులో తొమ్మిది

మహేశ్వరి మొగుడి మీద పగబట్టింది ఒక ఆదివారం మధ్యాహ్నం, అనంతపురంలో కొడుకు ఉంటున్న హాస్టల్ గేటు దగ్గర. పదహారేళ్ల చైతన్య తల నిమిరితే చెవి వెనక రూపాయి బిళ్లంత మేర నున్నగా తగిలింది. చదువుతూ చదువుతూ తన వెంట్రుకలు తనే పీక్కుంటున్నాడట. చెక్కభజనలో ఊరు ఊరంతటినీ ఎగిరించినవాడు, కన్నతల్లితో నాలుగు మాటలు చెప్పడానికి నీళ్లు నమిలాడు.

ఇంటికొచ్చి చెబితే మొగుడు బయ్యన్న ఫోన్లోంచి తల కూడా ఎత్తలేదు.

"వెంట్రుకలు మల్లా వస్తాయి, సీటు వస్తాదా? వాన్ని ఇంటికి తెస్తే నా పరువేం గావాల?"

ఆ పరువు బత్తలపల్లె సర్కిల్లో పన్నెండడుగుల ఎత్తున నిలబడి ఉంది. బయ్యన్న మండలంలో చిన్నపాటి నాయకుడు. పండగకీ పుట్టినరోజుకీ ఫ్లెక్సీ కట్టించనిదే నిద్రపట్టని మనిషి. ఈసారి కొడుకు ఫోటోకు మెడలో స్టెతస్కోపు తగిలించి, 'కాబోయే డాక్టర్' అని వేయించాడు. ఆ పిల్లవాడు పరీక్ష ఇంకా రాయనే లేదు!

మహేశ్వరి రెండు రోజులు బతిమాలింది, ఏడ్చింది, అన్నం మానేసింది. మూడోరోజు ఏడుపు మానేసి, బీరువా అడుగునున్న మొగుడి ఇంటర్ మార్కుల కాగితం తీసుకుని ఫ్లెక్సీలు వేసే ఉదయ్ కుమార్ దగ్గరికి పోయింది. అతను కాగితం చదివి వెనక్కి తోశాడు.

"అక్కా, బయ్యన్న నన్ను బతకనిస్తాడా?"

"ముందు ఆయప్పను నేను బతకనియ్యల్ల గదా. నువ్వు వెయ్యి."

మర్నాడు పొద్దున, బస్సులకు జనం చేరే వేళకు, మొదటి ఫ్లెక్సీ పక్కనే రెండోది లేచింది. 'బయ్యన్న గారి ఇంటర్ మార్కులు: ఫిజిక్సు తొమ్మిది, కెమిస్ట్రీ పదకొండు. కొడుక్కి మాత్రం నీట్‌లో ఏడువందలు రావాలంట. శుభాకాంక్షలతో, భార్య మహేశ్వరి.'

జనం బస్సులు వదిలేసుకుని మరీ చదివారు. టీ కొట్టు దగ్గర ఎవడో "ఏమప్పా తొమ్మిదీ!" అని పిలిచాడు. బయ్యన్న పరుగున ఇంటికి వచ్చాడు.

"నడిబజార్లో నా తల తీసినావు గదే! పీకెయ్యి దాన్ని!"

"పిల్లోడు ఈ గడప తొక్కనీ, పీకేస్తా. నువ్వు చించితే రేపు ధర్మవరంలో కడతా."

బయ్యన్న అనంతపురానికి కారు తీశాడు. నిజం చెప్పొద్దూ, మహేశ్వరికి పెళ్లినాడు కూడా అంత ఆనందం కలగలేదు.

మధ్యాహ్నానికి చైతన్య వచ్చాడు. సంగటిలోకి చెనక్కాయల ఊరుబిండి నూరి పెట్టింది. వాడు నమలకుండా మింగి, ఐదు నిమిషాల్లో లేచి గోడ పక్కన నిలబడ్డాడు.

"ఇంకో ముద్ద తిందువు, కూచో నాయనా."

"టైమైపోయిందమ్మా," అన్నాడు గడియారం చూస్తూ. "లేటయితే బయట నిలబెడతారు."

మహేశ్వరి గుండె చెరువైంది. అప్పుడే బయ్యన్న గుమ్మంలోకి వచ్చాడు.

"తెచ్చినా గదా. ఇంక పద, పీకు దాన్ని."

"మాటిచ్చినా, నిజమే. ఇప్పుడు ఆ మాట తప్పుతాండాను," అంది మహేశ్వరి. "వాడు గడియారం దిక్కు చూడకుండా, కూచోని కడుపునిండా తిన్నరోజు పీకుతా."

బయ్యన్న గోడ పక్కనున్న కొడుకును చూశాడు. ధర్మవరం భయమో మరొకటో, ఆ ఫ్లెక్సీ జోలికి మళ్లీ పోలేదు.

అది మూడు నెలలు సర్కిల్లోనే ఉంది.